రంగు క్రింది అతుకు

(పాఠశాల వార్షికోత్సవ సందర్భమున పాత్రపూర్‌లో తలిదండ్రుల సభయందు చేసిన ప్రసంగ పాఠము)



వార్షికోత్సవ సభలలో విద్యామహిమను గూర్చియో, బాలుర శీలమును గూర్చియో ప్రసంగించుట ఆచారము. నేడు మేము వాహనముల రేకుపనిని గూర్చి మాటలాడ దలచితిమి. చినిగిన రేకును అతుకుటకు ఏ వైరును ఎన్నుకొనవలెను, వేసిన అతుకును ఎట్లు తీర్చవలెను అనునదియే మా విషయము. ఇది బడి సభకు తగునా యని కొందఱు శంకింపవచ్చును. తగుననుటకు రెండు కారణములు గలవు. మన బిడ్డలలో కళాశాలలకు పోవువారితో పాటు, బరంపురము, ఇచ్ఛాపురము, విశాఖపట్టణము, సూరతు మొదలగు తావులకు పనికై పోవువారును ఉన్నారు. వారిలో కొందఱు మెకానిక్ షెడ్లలో టింకరింగు పనికి కుదురుదురు. ఇది మొదటి కారణము. మనము నిత్యము ఎక్కి దిగు ఆటోలు, జీపులు, బస్సులు ఎప్పుడో ఒకప్పుడు ఆ షెడ్లకు పోయి వచ్చునవియే. ఇది రెండవ కారణము. అతుకు వేయువాడును మన బిడ్డయే, ఆ అతుకును నమ్మి కూర్చుండువాడును మన బిడ్డయే.

మొదట రేకు ఏల చెడునో చూతము. ఇనుమునకు గాలియు, తేమయు కూడినచో త్రుప్పు పట్టును. ఆ తేమలో ఉప్పు కలిసినచో త్రుప్పు మఱింత వేగముగా ప్రాకును. గంజాము మండలమునకు సముద్రము దగ్గఱ. గోపాలపురపు తీరమున తిరుగు బండికి ఉప్పుగాలి తప్పదు. 2013వ సంవత్సరము అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపురమునకు సమీపముననే తీరము దాటెను. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మనకు దక్షిణమున పలాస ప్రక్క తీరమును తాకెను. అట్టి వేళల నీట నిలిచిన బండి పైకి ఆరినట్లు కనిపించినను, తలుపుల అడుగునను, ద్వారబంధపు గొట్టములలోను, కాళ్లక్రింది రేకు మడతలలోను తేమ చాలకాలము దాగియుండును. త్రుప్పు లోపలనుండి బయటికి వచ్చును. రంగు బొబ్బ లెత్తిన నాటికే రేకు లోపల జల్లెడ యై యుండును.

నేటి కారులలో అధికభాగమునకు వేరే చట్రము లేదు. రేకులను మడచి, పెట్టెలవలె కూర్చి, వేలకొలది చుక్కల అతుకులతో కలిపిన ఆ శరీరమే చట్రమును అగును. కావున ద్వారము క్రింది రేకును అతుకుట చిల్లుపడిన బిందెకు మాట వేయుటవంటిది కాదు, విఱిగిన యెముకను కట్టుటవంటిది. తలుపు పైరేకువంటి కొన్ని భాగములు అందము కొఱకే యైనను, పనివాడు ముందుగా తెలిసికొనవలసినది ఈ భేదమునే: ఈ రేకు బరువు మోయునదా, కేవలము కప్పునదా?

ఇక వైరు మాట. కారు పైరేకు మందము సాధారణముగా 0.7 మొదలు 0.8 మిల్లీమీటర్ల వఱకు ఉండును. ఇంత పలుచని రేకుపై కడ్డీ వెల్డింగు పెట్టినచో రేకు కరగి రంధ్ర మగును. గ్యాసు వెల్డింగుతో నేర్పరులు చక్కని పని చేసిరి గాని, దాని వేడి చుట్టును విస్తరించి రేకును అలలు తేల్చును. అందుచేతనే షెడ్లలో సి.ఓ.టూ. వెల్డింగు అని పిలువబడు పద్ధతి రేకుపనికి స్థిరపడినది. కండెకు చుట్టిన సన్నని వైరు యంత్రమునుండి తనంత తాను వచ్చుచు, విద్యుత్తు మంటలో కరగుచు, రేకును కలుపును. కరగిన లోహమునకు గాలి సోకకుండ సిలిండరునుండి వచ్చు వాయువు చుట్టును తెరవలె నిలుచును. ఈ పద్ధతి 1948 ప్రాంతమున అమెరికాలో మొదట అల్యూమినియము కొఱకు రూపొందెను. 1950 దశకమున చౌకయగు కార్బన్ డయాక్సైడు వాయువుతో ఉక్కును అతుకుట సాధ్యమైన పిమ్మట లోకమంతట వ్యాపించెను.

కండెపై ముద్రించిన గుఱుతులను చదువుట పనివాని మొదటి పాఠము. ఎక్కువగా దొరకు వైరుపై "ఇ.ఆర్.70ఎస్-6" అని యుండును. అందలి 70 అనగా కరగి గట్టిపడిన అతుకు చదరపు అంగుళమునకు కనీసము 70,000 పౌనుల లాగుడును తట్టుకొనునని యర్థము. "ఎస్" అనగా లోపల పొడి లేని గట్టి వైరు. చివరి 6 అనునది వైరు కూర్పును తెలుపును. ఇందు మాంగనీసు, సిలికాను కొంచెము హెచ్చుగా ఉండి, రేకుమీద మిగిలిన కొద్దిపాటి మలినములను, ప్రాణవాయువును పట్టి పైకి తేల్చును. అదే వరుసలో "ఎస్-3" అను వైరునందు ఇవి తక్కువ. కావున రేకు మఱింత శుభ్రముగా ఉండినగాని అది మంచి అతుకు నీయదు.

ఇచట ఒక భ్రమను తొలగింపవలెను. "గట్టి వైరు వేసితిమి, ఇక భయము లేదు" అని చెప్పుట షెడ్లలో వినుచుందుము. మెత్తని కారు రేకునకు ఈ వైరు బలములో ఇంచుమించు మూడింట రెండు వంతులే యుండును. అనగా సాధారణపు వైరే రేకు కంటె గట్టిది. అతుకు రేకు కంటె మిక్కిలి గట్టిదైనచో కలుగు లాభ మేమియు లేదు. సుత్తితో సాగగొట్టబోయిన అది లొంగదు. గ్రైండరుతో అరుగదీయబోయిన అతుకు అరుగుటకు ముందే ప్రక్కనున్న రేకు అరుగును. మన బరంపురపు పట్టుచీర చినిగినచోట గోనెపురితో కుట్టరు గదా! పురి గట్టిదే, కాని దాని ప్రక్కనే చీర మఱల చినుగును. అందుచే రేకుపని కొఱకే కొంత మెత్తగా ఉండునట్లు, సులభముగా అరుగునట్లు చేసిన వైరులను కొన్ని సంస్థలు అమ్ముచున్నవి. అట్టివి దొరకనిచోట సాధారణపు వైరునే సన్నని కొలతలో, తక్కువ వేడితో వాడి, గుబ్బ ఎత్తుగా పోగుపడకుండ చూచుకొనుట మంచిది.

కొలత విషయము కూర్పు కంటె తక్కువది కాదు. రేకుపనికి 0.6 లేక 0.8 మిల్లీమీటరు వైరు తగినది. గేట్లు, ట్రాక్టరు తొట్లు చేయుచోట వాడిన 1.2 వైరు మిగిలినదని కారు రేకునకు పెట్టరాదు. దానిని కరగించుటకు కావలసిన విద్యుత్తే రేకును కాల్చివేయును. వైరు కొలత మార్చినప్పుడు దాని ముందుండు రాగిటిప్పును, వైరు నడచు చక్రపు గాడిని కూడ అదే కొలతకు మార్చవలెను. సరియైన అమరికలో మంట తాలింపువలె ఎడతెగక చిటపటలాడును. టపటప పేలుచున్నచో ఎక్కడనో పొరపాటున్నది.

వాయువు సంగతి. కార్బన్ డయాక్సైడు ఒక్కటియే వాడినచో ఖర్చు తక్కువ, వేడి లోతుగా దిగును, నిప్పుతుంపరలు హెచ్చు. ఆర్గాన్ వాయువు 80 పాళ్లు, కార్బన్ డయాక్సైడు 20 పాళ్లు కలిపినది పలుచని రేకునకు మృదువు. మంట నిలకడగా ఉండి, తరువాతి అరుగుదల పని తగ్గును. వాయువు అక్కరలేని, లోపల పొడి నిండిన వైరును కూడ విక్రయింతురు. గాలి వీచు ఆరుబయట, పొలమున ఆగిన ట్రాక్టరునకు అది ఉపకరించును. కాని దాని అతుకుపై చిట్టెము కట్టును, తుంపరలు హెచ్చు. యంత్రమునకు ధన ఋణ తీగెలను మార్చి తగిలింపవలెను. ఈ మార్పు తెలియక వాడి, వైరును నిందించువారు కలరు. కారు పైరేకునకు అది మొదటి ఎన్నిక కాదు.

జింకుపూత గల రేకులు ఇప్పుడు విస్తారముగా వచ్చుచున్నవి. ఉక్కు కరగుటకు ఇంచుమించు 1500 డిగ్రీల వేడి కావలెను. జింకు 907 డిగ్రీలకే ఆవిరి యగును. ఆ ఆవిరి అతుకులో బుడగలై నిలుచును. పనివాని ఊపిరిలోనికి పోయి చలిజ్వరమును కలిగించును. ఇట్టి రేకులకు కొన్ని సంస్థలు సిలికాను కలిసిన కంచువైరును విధించుచున్నవి. అది ఇంచుమించు 1000 డిగ్రీలకే కరగి, రేకును కరగింపకయే టంకమువలె పట్టును. దీనికి శుద్ధమగు ఆర్గాన్ కావలెను. ఇది మెత్తనిది గనుక సులభముగా అరుగును. అట్లని ప్రతిచోట వాడరాదు. వాహనమును చేసినవారు ఏ అతుకునకు అనుమతించిరో అచటనే వాడవలెను. క్రొత్త కారుల స్తంభములలో అతిబలమైన ఉక్కు ఉండును. దానిని ఇష్టము వచ్చినట్లు వేడి చేసినచో దాని బలమే పోవును. ఆ భాగములను గూర్చి తయారీదారు పుస్తకమును చూడక చేయి పెట్టరాదు. అల్యూమినియమునకు వేఱే వైరు, వేఱే పనిముట్లు కావలెను.

వానకాలమున కండెను యంత్రముపై అట్లే వదలుట మన ప్రాంతమున తఱచు కనిపించు లోపము. వైరుపై నుండు రాగిపూత పలుచనిది. తేమకు వైరు త్రుప్పుపట్టి, గొట్టములో ఇఱుకుకొని, అతుకులో సూదిబెజ్జములను కలిగించును. పని ముగిసిన పిమ్మట కండెను తీసి ప్లాస్టిక్ సంచిలో మూతి బిగించి యుంచుట కాసు ఖర్చులేని జాగ్రత్త.

ఇప్పుడు అతుకు వేయు క్రమమును సంగ్రహముగా చెప్పుదుము. త్రుప్పుపట్టిన రేకుపై క్రొత్త రేకు మూయుట మాటువేయుటయే గాని మరమ్మతు కాదు. లోపలి త్రుప్పు తన పని తాను చేయుచునే యుండును. మెఱయు లోహము కనిపించువఱకు కోసివేసి, అదే మందము గల రేకును మూలలు గుండ్రముగా కత్తిరించి అమర్చవలెను. బ్యాటరీ తీగెలను ముందు విప్పవలెను. పెట్రోలు టాంకు, గొట్టములు దగ్గఱ నున్నచో తొలగింపవలెను. పిమ్మట అంగుళమున కొక టాకా వేసి, ఎదురెదురు ప్రక్కల మార్చుచు, రెండు టాకాల నడుమ మఱొకటి చొప్పున నింపవలెను. ఒకే గీతగా లాగినచో వేడి ఒకచోట చేరి రేకు వంకరపోవును. ఒకచోట టాకా వేసిన పిదప అది చల్లాఱువఱకు మఱొకచోట పని చేయవలెను. అతుకు చల్లాఱునప్పుడు ముడుచుకొని ప్రక్కరేకును లాగును. క్రింద డాలీ యను ఇనుపదిమ్మె పట్టి, పైన సుత్తితో నెమ్మదిగా సాగగొట్టినచో ఆ లాగుడు తీఱును. మెత్తని వైరు యొక్క విలువ ఇచటనే తెలియును.

తీర్చుటలోనే ఎక్కువమంది తొందరపడుదురు. ఒక లెక్క చెప్పుదుము, మన చిన్న తరగతుల బాలురును చేయగలరు. రేకు మందము 0.8 మిల్లీమీటరు. గ్రైండరు ఒక్కసారి ఆదమఱచి ఆనించుటచే 0.2 అరిగెననుకొనుడు. పోయినది నాలుగవ వంతు. రంగు వేసిన పిమ్మట ఆ నష్టము ఎవ్వరికి కనబడును? కావున మొదట సన్నని బిళ్లతో గుబ్బ తలను మాత్రము దించవలెను. పిదప 60 లేక 80 నంబరు ఫ్లాప్ డిస్కుతో అతుకుపై మాత్రమే, తేలిక చేతితో, ఆగి ఆగి అరుగదీయవలెను. రేకు నీలివన్నెకు తిరిగినచో అది 300 డిగ్రీల వేడికి చేరినదని తెలిసి వెంటనే ఆపవలెను. చివరి తీర్పును ఆకురాయితో చేసినచో ఎత్తుపల్లములు చేతికే తెలియును. బరువు మోయు లోపలి భాగములలో అతుకును నున్నగా అరుగదీయ నక్కఱయే లేదు. కనబడనిచోట గుబ్బ ఉండుటయే బలము. బిళ్లపై వ్రాసిన వేగము గ్రైండరు వేగమునకు తక్కువ కారాదు. దానిపై ముద్రించిన గడువు తేదీని కూడ చూడవలెను.

పని ఇంతటితో ముగియదు. అతుకు వేసినచోట వెనుక ప్రక్క రంగును, పూతయు కాలిపోయి యుండును. త్రుప్పు మఱల అచటనే మొదలగును. ముందువైపు ఎపాక్సీ ప్రైమరు, కీళ్లలో సీలరు, లోపలి గొట్టములలో మైనపు పూత వేయక బండిని అప్పగించినచో, అందమైన అతుకు కూడ కొలది వర్షాకాలములకే పోవును. లప్పము రెండు మూడు మిల్లీమీటర్లకు మించరాదు. అది గీతలను పూడ్చుటకే గాని రంధ్రములను మూయుటకు కాదు. "పైన పటారము, లోన లొటారము" అను సామెత ఇట్టి పనిని చూచియే పుట్టినదేమో యనిపించును.

బండి యజమానులగు తలిదండ్రులకు కొన్ని పరీక్షలు చెప్పుదుము. రంగుకు ముందే బండిని ఒకసారి చూపుమని అడుగుడు. అతుకు వెనుక దీపము పెట్టి చూచినచో సూదిబెజ్జములు వెలుగును. రంగు వేసిన పిమ్మట నైనచో, ఒక చిన్న అయస్కాంతమును పలుచని గుడ్డలో చుట్టి రేకుపై నడిపింపుడు. లప్పము దట్టముగా ఉన్నచోట అది పట్టు విడుచును. పనివాడు అదే వైరుతో, అదే మందపు తుక్కురేకులు రెండింటిని అతికి, మీ యెదుట వంచి చీల్చి చూపగలిగినచో అతనిని నమ్మవచ్చును. అతుకు విడిపోక రేకే చినిగినచో అది మంచి అతుకు. ఈ పరీక్షకు పట్టునది కొలది నిమిషములే. ఇట్లు అడుగుట పనివానిని అవమానించుట కాదు. మంచి పనివాడు సంతోషముతో చూపును. అతని శ్రమకు తగిన కూలి ఇచ్చుట మన ధర్మము. సగము ధరకు చేయుమని పీడించి, పిదప లప్పము పూసెనని నిందించుట న్యాయము కాదు.

బిడ్డలను ఈ పనికి పంపదలచిన వారితో మఱికొంత మనవి చేయుదుము. పదునాలుగేండ్లు నిండని బాలుని పరుల షెడ్డులో పనికి పెట్టుట చట్టవిరుద్ధము. 2016లో సవరించిన చట్టము పదునెనిమిదేండ్ల లోపువారిని అపాయకరమగు పనులకు పెట్టరాదని కూడ చెప్పుచున్నది. పెద్దవాడైన పిమ్మట పనిలో చేరినను, ముఖమునకు తగిన నల్లద్దపు ముసుగు, తోలు చేతొడుగులు, నూలు బట్టలు ఉన్నవో లేవో మీరే పోయి చూడుడు. మంటను వట్టికన్నుతో చూచినవానికి ఆ రాత్రి కన్నులలో ఇసుక పోసినట్లుండును. ఆ బాధ పలుమాఱు కలుగుట కన్నులకు మంచిది కాదు. జింకుపొగ పీల్చినవానికి పాలు పోసినచో విషము దిగునని అనుకొందురు. పాలు ఆహారమే గాని పొగకు మందు కాదు. గాలి ఆడునట్లు చేయుట, పొగ పీల్చకుండ ముసుగు ధరించుట, అదియే మందు.

బరంపురమున ప్రభుత్వ పారిశ్రామిక శిక్షణ సంస్థ గలదు. అచటి విద్యార్థులు పనికిరాని ఇనుపతుక్కును అతికి నిలిపిన శిల్పములను మీలో కొందఱు చూచియే యుందురు. వెల్డరు శాఖ యొక సంవత్సరపు శిక్షణ, చేరుటకు ఎనిమిదవ తరగతి ఉత్తీర్ణత చాలును. ఊరకయే షెడ్డులో చేరి చూచి నేర్చినవానికిని, శిక్షణ పొంది షెడ్డులో చేరినవానికిని భేదము నేర్పులో మొదట కనిపింపకపోవచ్చును. క్రొత్త రేకు, క్రొత్త వైరు వచ్చిననాడు కనిపించును. మొదటివాడు పాతదానినే పెట్టును, రెండవవాడు కండెపై వ్రాత చదువును. 1960 దశకమున ఏర్పడిన విజయవాడ ఆటోనగరు తెలుగు పనివారి చేతినేర్పుతోనే ఖ్యాతి గాంచినది. ఆ నేర్పునకు చదువు తోడైనచో మన బిడ్డలు ఎచటికి పోయినను తలయెత్తుకొని నిలువగలరు.

ఆ కండెపై వ్రాత ఆంగ్లమున ఉండును. షెడ్డులో మాట ఒడియాలో నడుచును. ఇంటిలో తెలుగు. ఈ మూడింటి నడుమ బాలుడు తికమకపడునని కొందఱు తల్లులు మాతో అనుచుందురు. రేకు ఏల చిల్లుపడును, వేడి ఎట్లు ప్రాకును, నాలుగవ వంతు అరిగిన ఏమగును అనునవి తల్లిభాషలో ఒకసారి తలకెక్కినచో, తక్కిన రెండు భాషలలోని పేర్లు నేర్చుట కష్టము కాదు. మేము నేడు ఈ విషయమును ఆదినుండి తుదివఱకు తెలుగుననే చెప్పితిమి. మీకు తెలిసినది గదా! మీ బిడ్డకును తెలియును.

కావున మా విన్నపము ఇంతయే. ఈ సెలవులలో మీ బిడ్డ చదువు ముగిసి పనికి పోవు ఆలోచన ఉన్నచో, చేర్పించుటకు ముందు ఆ షెడ్డునకు తండ్రియో, అన్నయో ఒకనాడు పోవలెను. అచట ఏ వైరు వాడుచున్నారో, కండెను ఎట్లు దాచుచున్నారో, రంగుకు ముందు అతుకును చూపుదురో లేదో కనుగొనవలెను. అతుకును చూపుటకు జంకని చోట బిడ్డను విడిచి రండు. లప్పముతో ఆరంభించు చోట విడువకుడు.